హెచ్‌డీఆర్ ఫొటోలో వెలుతురును సమతూకంలో పెట్టడం ఎలా?

కిటికీ ఉన్న గది ఫొటో ఒకటి ఊహించుకోండి. గదిలో మూలమూలా కనిపిస్తోంది. కిటికీ అవతలి చెట్టు ఆకులు కూడా లెక్కపెట్టవచ్చు. ఎక్కడా తెల్లగా బర్న్ కాలేదు, ఎక్కడా నల్లగా మూసుకుపోలేదు. అయినా చూసీ చూడగానే తేడా కొడుతుంది. గోడలు బూడిద పూసినట్టున్నాయి, కిటికీ గోడకు అంటించిన పోస్టర్‌లా ఉంది. హెచ్‌డీఆర్ అంటే ఒకే దృశ్యాన్ని వేర్వేరు ఎక్స్‌పోజర్లలో కొన్ని ఫొటోలుగా (ఫ్రేములుగా) తీసి ఒకటిగా కలపడం. ఆ పేరు చెబితే చాలామంది ముఖం చిట్లించడానికి ఇలాంటి ఫొటోలే కారణం.

ఎడిట్ చేసినవాళ్లు గదినీ కిటికీనీ ఒకే వెలుగుకు తెచ్చేశారు. అసలు దృశ్యంలో వెలుతురు కిటికీలోంచి గదిలోకి వస్తోంది. ఫొటోలో రెండూ ఒకే మెరుపులో ఉంటే ఆ వెలుతురు ఎక్కడినుంచి వచ్చిందో కంటికి అంతుపట్టదు. చూసేవాళ్లకు కారణం చెప్పడం చేతకాకపోయినా, ఇది అబద్ధమని మాత్రం తెలిసిపోతుంది.

కాబట్టి ముందే ఒక మాట పెట్టుకుందాం. దృశ్యంలో ఏది దేనికన్నా వెలుగుగా ఉందో, ఫొటోలోనూ అదే వరుస ఉండాలి. వాటి మధ్య దూరాన్ని ఎంతైనా కుదించవచ్చు, వరుస మాత్రం తిరగబడకూడదు. కింద చెప్పే ప్రతి మెట్టూ ఈ వెలుగు వరుసను కాపాడటానికే.

ఫొటోలు తీయడం

ఇది తేలిక, త్వరగా ముగిద్దాం. ట్రైపాడ్, రా ఫార్మాట్ (సెన్సర్ పట్టుకున్నదంతా దాచే ఫైలు), మాన్యువల్ మోడ్. ఐఎస్ఓ 100, ఎపర్చర్ ఎఫ్/8. ఫోకస్ కుదిరాక దాన్ని మాన్యువల్‌కు మార్చేయండి. వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంచకండి. లెన్స్‌లో స్టెబిలైజేషన్ ఉంటే ఆపండి. 2 సెకన్ల టైమర్ గానీ రిమోట్ గానీ వాడండి. ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య మారాల్సింది షట్టర్ వేగం ఒక్కటే. ఎపర్చర్ మారితే ఫోకస్ లోతు మారి, ఫ్రేములు ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోవు.

ఫ్రేముల మధ్య దూరం 2 ఈవీ ఉండాలి. ఒక ఈవీ అన్నా ఒక స్టాప్ అన్నా వెలుగు రెట్టింపు కావడం, లేదా సగం కావడం. 1 ఈవీ చొప్పున తొమ్మిది ఫ్రేములు తీసేవాళ్లున్నారు. రా ఫైల్ ఒక్కోటీ 12 స్టాప్‌లకు పైగా మోస్తుంది కనుక వాటిలో సగం ఫ్రేములు కొత్తగా తెచ్చేదేమీ లేదు. పైగా ఫ్రేములు పెరిగేకొద్దీ ఆకు కదిలింది, మనిషి నడిచాడు, మబ్బు జరిగింది అనే తలనొప్పులు పెరుగుతాయి.

ఎన్ని ఫ్రేములు కావాలో కెమెరాలోని బ్రాకెటింగ్ (వేర్వేరు ఎక్స్‌పోజర్లలో వరుసగా తీసే) మెనూ చెప్పదు, దృశ్యమే చెబుతుంది. ఎండ పడుతున్న బయటి దృశ్యం ఎఫ్/8, ఐఎస్ఓ 100 దగ్గర సుమారు 1/400 సెకను అడుగుతుంది. దీపాలు వెయ్యని గది అదే ఎపర్చర్ దగ్గర 1 సెకను దాకా అడుగుతుంది. రెండింటి మధ్య 8 స్టాప్‌లు దాటిన తేడా. అంటే 1/1000 దగ్గర మొదలుపెట్టి 1/250, 1/60, 1/15, 1/4, 1 సెకను. మొత్తం ఆరు ఫ్రేములు. ఇలాంటి చోట మైనస్ 2, 0, ప్లస్ 2 అని మూడే తీసుకుని వచ్చి, తరువాత స్లైడర్లతో కుస్తీ పట్టడం దండగ.

చీకటి కొసన ఉన్న ఫ్రేములో హిస్టోగ్రామ్ (వెలుగు స్థాయిల గ్రాఫ్, ఎడమన చీకటి, కుడిన వెలుగు) కుడి గోడను తాకకూడదు. సూర్యబింబానికి, వెలుగుతున్న బల్బుకు మినహాయింపు ఇవ్వండి. వెలుగు కొసన ఉన్న ఫ్రేములో, మీకు ముఖ్యమైన నీడ హిస్టోగ్రామ్ ఎడమ మూడోవంతు దాటి ఉండాలి. ఈ రెండో షరతును ఎక్కువమంది పట్టించుకోరు. 14 బిట్ రా ఫైలులో 16384 లెవెళ్లు ఉంటే, అన్నిటికన్నా పై స్టాప్ ఒక్కటే 8192 తీసుకుంటుంది. అక్కడినుంచి ప్రతి స్టాప్‌కూ సగం. పైనుంచి ఎనిమిదో స్టాప్‌కు మిగిలేది 64. దానికి నాయిస్ (ఇసుక చల్లినట్టుండే మచ్చలు) తోడు. అడుసు తొక్కనేల, కాలు కడుగనేల? వెలుగు ఫ్రేము ఒకటి ఎక్కువ తీసుకుంటే ఆ నీడ శుభ్రంగా వస్తుంది.

ఫ్రేములు కలపడం

అడోబీ వారి ఎడిటింగ్ ప్రోగ్రాం లైట్‌రూమ్ క్లాసిక్‌లో ఫ్రేములన్నీ ఎంచుకుని ఫొటో మెర్జ్‌లో హెచ్‌డీఆర్ నొక్కండి. ఆటో అలైన్ ఉంచండి. ఆటో సెట్టింగ్స్ టిక్కు తీసేయండి. అది హైలైట్స్‌ను (వెలుగు భాగాలను) కిందికి, షాడోస్‌ను (నీడలను) పైకి లాగేసి, మీరు మొదలుపెట్టకముందే ఫొటోను చదును చేసి చేతికిస్తుంది. కలపబోయే ఫ్రేముల మీద ముందుగా స్లైడర్లు కదపకండి, మెర్జ్ వాటిని లెక్కలోకి తీసుకోదు.

ఫ్రేముల మధ్య కదిలినవాటి జాడలు తీసేసే డీఘోస్ట్ విషయంలో మొదటి ఎంపిక నన్. ఏదైనా కదిలిందని కంటికి కనిపిస్తేనే లో, అదీ చాలకపోతే మీడియం. ఓవర్‌లే టిక్కు పెట్టి ఎర్రగా ఎక్కడెక్కడ పడుతోందో చూడండి. ఆ ఎర్రటి చోట ప్రోగ్రాం అన్ని ఫ్రేములనూ కలపకుండా ఒకే ఫ్రేమును వాడుకుంటుంది. నీడ మీద ఎర్రమచ్చ పడితే అక్కడ నాయిస్ తిరిగొస్తుంది, ఇన్ని ఫ్రేములు తీసిన లాభం ఆ మేరకు పోతుంది. భద్రత కోసమని హై పెట్టేవాళ్ల ఫొటోల్లో సగం గోడ నున్నగా, సగం గోడ ఇసుక చల్లినట్టు ఉండటానికి కారణం ఇదే.

బయటికి వచ్చేది 16 బిట్ ఫ్లోటింగ్ పాయింట్ డీఎన్‌జీ, రా లాంటి ఫైలే. మామూలు రా ఫైలుకు ఎక్స్‌పోజర్ స్లైడర్ మైనస్ 5 నుంచి ప్లస్ 5 వరకే. దీనికి మైనస్ 10 నుంచి ప్లస్ 10 దాకా కదులుతుంది. కలిసిందో లేదో తెలుసుకోవడానికి అదే గుర్తు. 2023 అక్టోబర్ నుంచి ఎడిట్ ప్యానెల్‌లో హెచ్‌డీఆర్ అనే బటన్ ఒకటి ఉంది. అది హెచ్‌డీఆర్ డిస్‌ప్లేల మీద చూపించే ఫొటోల కోసం. మామూలు తెరకు, ప్రింటుకు పనిచేస్తున్నప్పుడు దాని జోలికి వెళ్లకండి.

డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే డార్క్‌టేబుల్ అనే ఉచిత ఎడిటింగ్ ప్రోగ్రాం ఉంది. అందులో క్రియేట్ హెచ్‌డీఆర్ ఫ్రేములను సర్దిపెట్టదు కాబట్టి ట్రైపాడ్ కదలకుండా తీసినవే ఇవ్వాలి. చేత్తో పట్టుకుని తీసినవైతే హెచ్‌డీఆర్‌మెర్జ్ అనే ఉచిత ప్రోగ్రాంతో కలిపి, వచ్చిన డీఎన్‌జీని డార్క్‌టేబుల్‌లో తెరవండి.

అసలు మెలిక: కుదింపు

ఇక్కడిదాకా ఎవరైనా చేస్తారు. పాడయ్యేది ఇక్కడే. కాబట్టి నెమ్మదిగా వెళ్దాం.

మీ చేతిలోని ఫైలులో ఇప్పుడు 15, 16 స్టాప్‌ల వెలుతురు ఉండవచ్చు. మామూలు ఐపీఎస్ మానిటర్ కాంట్రాస్ట్ 1000:1, అంటే సుమారు 10 స్టాప్‌లు. ప్రింటు తీసిన కాగితం అంతకన్నా తక్కువ. పెద్ద పరుపును చిన్న పెట్టెలో సర్దాలి. సర్దాలంటే ఎక్కడో ఒకచోట నొక్కాలి. ఎక్కడ నొక్కాలన్నది మీరు నిర్ణయించకపోతే ప్రోగ్రాం అంతటా సమానంగా నొక్కేస్తుంది.

టోన్ కర్వ్‌ను గుర్తు తెచ్చుకోండి, అంటే ఫైలులోని ఏ వెలుగు ఫొటోలో ఎంత వెలుగవుతుందో చూపే గీత. ఆ గీత నిటారుగా ఉన్నచోట కాంట్రాస్ట్ ఎక్కువ, పడుకున్నచోట తక్కువ. 16 స్టాప్‌లను 10లోకి తేవాలంటే గీత ఎక్కడో పడుకోక తప్పదు. అది మధ్య టోన్ల దగ్గర పడుకుంటే చర్మం, చెక్క, బట్ట, గోడ అన్నీ జీవం లేకుండా పోతాయి, ఎందుకంటే మనకు కావలసిన వస్తువులన్నీ ఉండేది అక్కడే. రెండు కొసల దగ్గర, అంటే బాగా చీకటిలోనూ బాగా వెలుగులోనూ పడుకుంటే కంటికి పెద్దగా తెలియదు. ఫిల్ము కూడా దాదాపు ఇలాగే ప్రవర్తించేది. హైలైట్స్ మైనస్ 100, షాడోస్ ప్లస్ 100 పెట్టినప్పుడు జరిగేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. కింద ఉన్నవన్నీ పైకి, పైన ఉన్నవన్నీ కిందికి వచ్చి మధ్యలో గుంపుగా ఇరుక్కుంటాయి. ఆ బూడిద రంగు పుట్టేది ఆ ఇరుకులోంచే.

కాబట్టి ముందు మధ్యను పాతండి. కొసల సంగతి తరువాత.

లైట్‌రూమ్ డెవలప్ మాడ్యూల్‌లో మౌస్‌ను ఫొటో మీద ఉంచితే హిస్టోగ్రామ్ కింద ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు శాతాల్లో కనిపిస్తాయి. కంటిని నమ్మకండి, ఆ అంకెలను నమ్మండి. 18 శాతం వెలుతురును తిప్పికొట్టే మధ్య బూడిద రంగు సరిగ్గా ఎక్స్‌పోజ్ అయితే 46 దగ్గర కూర్చుంటుంది. దానికన్నా ఒక స్టాప్ పైన ఉన్నది సుమారు 63, రెండు స్టాప్‌లు పైన ఉన్నది సుమారు 86, ఒక స్టాప్ కింద ఉన్నది 33. ఈ నాలుగు అంకెలు కాగితం మీద రాసి మానిటర్ పక్కన అంటించుకోండి.

కిటికీ ఉన్న గదికి వాడాల్సిన లెక్క ఇది. కిటికీకి దూరంగా ఉన్న లేతరంగు గోడ 60 నుంచి 68. చెక్క సామాను 25 నుంచి 35. కిటికీ అవతల ఎండ పడిన ఆకులు 70 నుంచి 78. ఆకాశం, మబ్బులు 92 నుంచి 97. సోఫా కింద, అలమర వెనక ఉండే గాఢమైన నీడ 2 నుంచి 4. ఆకు తెల్లగోడకన్నా వెలుగుగా ఉండాలా అని అడగవచ్చు. ఉండాలి. అసలు దృశ్యంలో ఆ ఆకు లోపలి తెల్లగోడకన్నా 5 స్టాప్‌లకు పైగా వెలుగుగా ఉంది. మనం ఆ దూరాన్ని అర స్టాప్‌కు దించుతున్నాం, అదే పెద్ద రాయితీ. సున్నా చేస్తే, లేదా ఇంకా కిందికి తోస్తే, కిటికీ పోస్టర్ అయిపోతుంది. ఆకులు కాస్త పాలిపోయినట్టు ఉండటం తప్పు కాదు, గదిలో నిలబడిన మనిషికి బయటి పచ్చదనం అలాగే కనిపిస్తుంది.

ఇప్పుడు స్లైడర్లు. క్రమం ముఖ్యం.

మొదట ఎక్స్‌పోజర్. కిటికీ వైపు చూడకండి. మౌస్‌ను గోడ మీద ఉంచి అంకె 60కీ 68కీ మధ్యకు వచ్చేదాకా కదపండి. ఈ సమయంలో కిటికీ తెల్లగా బర్న్ అయి భయపెడుతుంది. వివరాలన్నీ ఫైలులో భద్రంగానే ఉన్నాయి. ఆ తెలుపు చూసి బెంబేలెత్తి ఎక్స్‌పోజర్ వెనక్కి లాగి, చీకటి పడిన గదిని షాడోస్‌తో లేపడమే అందరూ చేసే పొరపాటు.

తరువాత హైలైట్స్, మైనస్ 60 దాటకుండా. షాడోస్, ప్లస్ 35 దాటకుండా. ఈ హద్దులు దాటాల్సిన అవసరం వచ్చిందంటే ఎక్స్‌పోజర్ తప్పు చోట ఉందని అర్థం, వెనక్కి వెళ్లండి.

ఆ తరువాత ఆల్ట్ కీ నొక్కి పట్టుకుని బ్లాక్స్ లాగండి. తెల్లటి తెర మీద అక్కడక్కడ చిన్న చుక్కలు కనిపించేచోట ఆపండి. ఫొటోలో ఒక్క చోటైనా నిజమైన నలుపు ఉండాలి. నలుపు లేని ఫొటోలో తక్కిన వెలుతురును కన్ను దేనితో పోల్చుకోవాలి? వైట్స్‌నూ అలాగే చూడండి. ఈసారి తెర నల్లగా ఉంటుంది. అందులో వెలుగుతున్న బల్బు, లోహం మీది తళుకు, సూర్యబింబం కనిపిస్తే కనిపించనివ్వండి. బల్బు లోపలి తీగ కూడా కనపడాలని పట్టుబట్టి దాన్ని 80కి దించితే, వెలగని బల్బు ఫొటో మిగులుతుంది. వెలుతురు పుట్టేచోటు తెల్లగా ఉండి తీరాలి.

చివరగా పాయింట్ కర్వ్‌లో రెండు చుక్కలు, ఇవీ శాతాల్లోనే: 30 దగ్గర పెట్టినదాన్ని 27కు దించండి, 65 దగ్గర పెట్టినదాన్ని 68కి లేపండి. మధ్య టోన్లకు పోయిన ప్రాణం తిరిగొస్తుంది. క్లారిటీ 10 దాటకూడదు. డీహేజ్ గదుల ఫొటోలకు అసలే వద్దు. టెక్స్చర్ కావాలంటే 15 వరకు పెట్టుకోండి.

హాలో ఎందుకు పుడుతుంది

కిటికీ చట్రం చుట్టూ, కొండ అంచు వెంబడి, భవనం పైకప్పు మీద పొగలా కనిపించే వెలుగు పట్టీని హాలో అంటారు. ఇది కెమెరా తప్పు కాదు, లెన్స్ తప్పూ కాదు. హైలైట్స్, షాడోస్, క్లారిటీ స్లైడర్లు ఒక్కో పిక్సెల్‌ను విడిగా చూడవు. దాని చుట్టుపక్కల సగటు వెలుగు ఎంతో చూసి, దాన్నిబట్టి ఎంత లేపాలో ఎంత దించాలో తేలుస్తాయి. చీకటి గోడ నడిమధ్యన ఆ సగటు సరిగ్గా ఉంటుంది. కిటికీ అంచు దగ్గరికి వచ్చేసరికి ఆ సగటులోకి కిటికీ వెలుగు కూడా దొర్లుతుంది. అంచుకు ఇటువైపు గోడకు అందాల్సినంత లేపుడు అందదు, అటువైపు ఆకాశానికి అందాల్సినంత దించుడు అందదు. అంచు వెంబడి ఒకవైపు ముదురు పట్టీ, మరోవైపు లేత పట్టీ పడతాయి. మంచి ప్రోగ్రాంలు అంచును గుర్తుపట్టే ఫిల్టర్లు వాడి దీన్ని చాలావరకు ఆపుతాయి. కానీ స్లైడర్ కొసదాకా లాగితే ఏ ఫిల్టరూ ఆపలేదు.

హాలో వచ్చాక బ్రష్‌తో తుడుచుకుంటూ కూర్చోవద్దు. స్లైడర్‌ను వెనక్కి తెచ్చి, అదే పని మాస్కుతో, అంటే ఫొటోలో ఎంచుకున్న భాగానికే మార్పు తగిలేలా చేయండి.

మాటల్లో మాట. మెర్జ్ ఎందుకు, ఎక్స్‌పోజర్ ఫ్యూజన్ చాలదా అని తరచూ వాదన వస్తుంటుంది. వేర్వేరు ఎక్స్‌పోజర్ల ఫొటోల నుంచి దృశ్యంలోని అసలు వెలుతురు విలువలను లెక్కగట్టే పద్ధతిని డెబెవెక్, మాలిక్ 1997లో ప్రచురించారు. మనం వాడే మెర్జ్ ఆ దారిలోదే. ఫ్యూజన్‌ను మెర్టెన్స్, కౌట్జ్, వాన్ రీత్ 2007లో ప్రతిపాదించారు. ఎన్‌ఫ్యూజ్ అనే ఉచిత ప్రోగ్రాం దాని మీదే నడుస్తుంది. అది అసలు వెలుతురును లెక్కగట్టదు. ప్రతి చోటా ఏ ఫ్రేములోని పిక్సెల్ కాంట్రాస్ట్‌లో, రంగులో, ఎక్స్‌పోజర్‌లో బాగుందో చూసి దానికి ఎక్కువ తూకం ఇస్తుంది. ఎక్స్‌పోజర్ బాగుండటమంటే దాని లెక్కలో మధ్య విలువకు దగ్గరగా ఉండటం. గోడకూ మధ్య విలువే కావాలి, ఆకాశానికీ మధ్య విలువే కావాలి. వెలుగు వరుస తిరగబడటానికి ఇంతకన్నా దగ్గరి దారి లేదు. ఫలితం శుభ్రంగా, నాయిస్ లేకుండా వస్తుంది, పని కూడా నిమిషంలో అయిపోతుంది. అయినా కిటికీ ఉన్న గదికి అది పనికిరాదు.

మాస్కులతో మిగిలిన పని

గది సరిపోయింది, నలుపు తెలుపు కుదిరాయి, కిటికీ ఇంకా ఎక్కువ వెలుగులో ఉంది. ఇప్పుడు మాస్క్ ప్యానెల్ తెరిచి, వెలుగు స్థాయినిబట్టి పట్టుకునే లూమినెన్స్ రేంజ్ ఎంచుకోండి. పై హద్దు 100 దగ్గర, కింది హద్దు 80 దగ్గర పెట్టి, కింది వైపు జారుడును 60 దాకా సాగదీయండి. లూమినెన్స్ మ్యాప్ చూపించమంటే ఎక్కడెక్కడ పట్టుకుందో తెలుస్తుంది. అది కిటికీతోపాటు తెల్ల కుండీనీ, నేల మీద పడిన ఎండ చారనూ కూడా పట్టుకుంటుంది. ఆల్ట్ నొక్కి పట్టుకుంటే ఇంటర్‌సెక్ట్ వస్తుంది. దానితో ఒక పెద్ద బ్రష్‌ను కిటికీ మీద మాత్రమే పూయండి. రెండూ కలిసిన చోటే మాస్క్ మిగులుతుంది.

ఇప్పుడు ఎక్స్‌పోజర్‌ను నేరుగా కావలసిన చోట పెట్టకండి. ముందు మైనస్ 4కు లాగండి. ఫొటో వికారంగా మారుతుంది, కానీ మాస్క్ అంచు ఎక్కడ కారుతోందో, చట్రం మీదికి ఎంత పాకిందో స్పష్టంగా కనిపిస్తుంది. అంచు సరిచేసుకున్నాక మైనస్ 1, మైనస్ 1.5 మధ్యకు వచ్చి, ఆకులు 70 నుంచి 78లో ఉన్నాయో లేదో చూసుకోండి. అదే మాస్కులో కాంట్రాస్ట్ 10 పెంచండి, దించిన చోట కాంట్రాస్ట్ ఎప్పుడూ తగ్గే ఉంటుంది.

కిటికీకి ఆనుకున్న గోడను, కిటికీ కింది నేలను ముట్టుకోకండి. అక్కడ వెలుతురు సహజంగానే ఎక్కువ. కిటికీ నుంచి దూరం వెళ్లేకొద్దీ గోడ మెల్లగా చీకటిపడాలి. కొందరు ఆ వాలును కూడా చదును చేసేసి, గది మూలలన్నీ ఒకే అంకెకు తెస్తారు. గదికి లోతు పోయేది అక్కడే.

బయటి దృశ్యాలకూ ఇదే తర్కం. ఆకాశం నేలకన్నా వెలుగుగా ఉండాలి. ఎండ పడిన మంచు, తెల్లటి ఇసుక లాంటివి నీలాకాశాన్ని మించవచ్చు, అవి మినహాయింపు. నీటిలో ప్రతిబింబం ఎప్పుడూ దాని పైన ఉన్న అసలు ఆకాశంకన్నా ఒక మెట్టు చీకటిగా ఉంటుంది. ఆకాశానికి మాస్క్ వేసి దించి, నీటిని వదిలేస్తే ప్రతిబింబం ఆకాశాన్ని మించిపోతుంది. సూర్యాస్తమయం ఫొటోల్లో ఇది చాలా తరచుగా కనిపించే తప్పు. ఆకాశం కోసం అడ్డంగా వేసే గ్రేడియెంట్ గోపురం మీదుగానో చెట్టు కొమ్మల మీదుగానో వెళ్తే వాటి పై భాగం మసి పూసినట్టు అవుతుంది. లూమినెన్స్ రేంజ్‌తో ఇంటర్‌సెక్ట్ చేస్తే అది తప్పుతుంది.

ఆకాశానికి వేరే ఎక్స్‌పోజర్ ఇవ్వడం కంప్యూటర్లతో మొదలైన విద్య కాదు. 1850ల నాటి నెగటివ్‌లు నీలానికి అతిగా స్పందించడంతో ఆకాశం తెల్లగా పోయేది. అందుకే ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ గుస్తావ్ లే గ్రే సముద్రానికి ఒక నెగటివ్, మబ్బులకు ఒక నెగటివ్ వాడి ఒకే ప్రింటుగా కలిపేవాడు. అతుకును దిగంతరేఖ వెంబడి వేసేవాడు. మాస్క్ అంచు ఎక్కడ వేయాలన్న ప్రశ్నకు ఇప్పటికీ అదే జవాబు, దృశ్యంలో ముందే ఒక గీత ఉన్నచోట.

డార్క్‌టేబుల్ వాడేవాళ్లకు మాస్కుల శ్రమ తగ్గించే పనిముట్టు టోన్ ఈక్వలైజర్. మైనస్ 8 నుంచి 0 ఈవీ దాకా తొమ్మిది చుక్కలుంటాయి, ఒక్కో చుక్క ఒక్కో స్థాయి వెలుతురును లేపుతుంది, దించుతుంది. ముందు మాస్కింగ్ ట్యాబ్‌లోకి వెళ్లి మాస్క్ ఎక్స్‌పోజర్, మాస్క్ కాంట్రాస్ట్ పక్కనున్న మంత్రదండం బొమ్మలు నొక్కండి. హిస్టోగ్రామ్ తొమ్మిది చుక్కల మీదా పరుచుకోవాలి. ఇది చేయకుండా మొదలుపెడితే అంతా రెండు మూడు చుక్కల కింద కుప్పపడి, ఏది కదిపినా ఫొటో మొత్తం కదులుతుంది. పక్కపక్క చుక్కల మధ్య 1 ఈవీకి మించి తేడా పెట్టవద్దు. గీత మరీ వాలితే అక్కడ వరుస తిరగబడుతుంది.

రంగు

వెలుతురు కుదిరాక రంగు తేడాలు బయటపడతాయి. ముందే సరిచేద్దామనుకుంటే రెండుసార్లు చేయాల్సి వస్తుంది. పగటి నీడలకు ఆకాశపు వెలుగు అందుతుంది కాబట్టి అవి నీలంగా ఉంటాయి. చీకటిలో ఉన్నంతసేపూ ఆ నీలం కనపడదు, 3 స్టాప్‌లు లేపగానే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నీడల మీద లూమినెన్స్ మాస్క్ వేసి టెంపరేచర్ ప్లస్ 8 నుంచి 15, శాచురేషన్ మైనస్ 10 పెట్టండి. నీలాన్ని పూర్తిగా తీసేయకండి, కొంచెం మిగిలితేనే అది నీడ.

ఆకాశం నీలం బదులు ఆకుపచ్చ కలిసిన లేతనీలంగా మారిందంటే చీకటి ఫ్రేము చాల్లేదని తెలుసుకోండి. నీలం ఛానెల్ ముందు నిండిపోయి ఆగిపోతుంది, ఆకుపచ్చ వెనకనుంచి వచ్చి అందుకుంటుంది. దీనికి ఎడిటింగ్‌లో పూర్తి వైద్యం లేదు. ఇంకా చీకటి ఫ్రేము ఉంటే దాన్ని కలిపి మళ్లీ మెర్జ్ చేయండి.

తనిఖీ, ఎగుమతి

లైట్‌రూమ్‌లో వి కీ నొక్కి ఫొటోను నలుపు తెలుపులోకి మార్చి చూడండి. రంగు తీసేస్తే వెలుగు వరుసలోని తప్పులు దాక్కోవడానికి చోటుండదు. కిటికీ గోడతో కలిసిపోతోందా, నీరు ఆకాశాన్ని మించిందా అన్నది ఒక్క చూపులో తేలుతుంది. మళ్లీ వి నొక్కితే రంగు తిరిగొస్తుంది.

హాలోల కోసం 100 శాతం జూమ్‌లో వెతకకండి. వెడల్పాటి హాలో 25 శాతంలోనే కనపడుతుంది. 100 శాతంలో చూడాల్సింది ఫ్రేములు సరిగ్గా అతకని చోట వచ్చే సన్నటి రెండు గీతలను, డీఘోస్ట్ వదిలిన నాయిస్ మచ్చలను. మానిటర్ వెలుగు చదరపు మీటరుకు 80 నుంచి 120 క్యాండెలాల మధ్య ఉండాలి. కొత్త మానిటర్ పెట్టెలోంచి తీసినప్పుడున్న వెలుగులోనే పనిచేస్తే ప్రింట్లు చీకటిగా వస్తాయి. అప్పుడు ప్రింటర్‌ను తిట్టి లాభం లేదు.

ఫొటోషాప్‌లోకి పంపాలంటే 16 బిట్ టిఫ్‌గా పంపండి. జేపెగ్ ఆఖరున మాత్రమే, ఎస్‌ఆర్‌జీబీలో. జేపెగ్‌లో ఒక్కో ఛానెల్‌కు 256 లెవెళ్లే ఉంటాయి. దాన్ని మళ్లీ తెరిచి ఆకాశం అర స్టాప్ దించబోతే చారలు పడతాయి. దిద్దాల్సింది ఏదైనా గుర్తొస్తే డీఎన్‌జీకి వెళ్లి, అక్కడ మార్చి, జేపెగ్ కొత్తగా తీయండి.